సంపూర్ణమ్మ మొగ్గలు ఎక్కిన విమానం

బెంజ్ సర్కిల్ దగ్గర పూలకొట్టు సంపూర్ణమ్మ మా పక్కింటి మనిషి. మల్లెమొగ్గను బొటనవేలితో తడిమితే చాలు, అది ఇవాళ దీపాలవేళకు విచ్చేదో, రేపటిదాకా ఆగేదో చెప్పేస్తుంది. మొగ్గగా జడకెక్కి, పెళ్లికూతురు పీటల మీద కూర్చున్నాక విచ్చాలి. అదీ ఆవిడ దండ. దాని మీద ఆవిడకు గర్వం. ఉండనీండి, నాకు నా ఆవకాయ మీద లేదూ?

ఎదురింటి లక్ష్మీకాంత్ గారి అమ్మాయి శ్రీదుర్గ పెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టుకున్నారు. చిన్నప్పటి పూలజడ కుట్టింది సంపూర్ణమ్మే కనుక ఇప్పుడూ ఆవిడ పూలే కావాలని పిల్ల పట్టుబట్టింది. పెళ్లికూతుర్ని చేసే వేడుకకని మేనత్త రామతులసి ముందుగా బయల్దేరింది. బెంగుళూరులో మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అదే సాయంత్రం అయిదింటికి అక్కడ దిగుతుందని లక్ష్మీకాంత్ గారు టికెట్టు చూసి గొప్పగా చెప్పారు. అక్కడి గడియారం వేరన్న మాట మాత్రం ఆ పెద్దమనిషి నోటి చివరకు రాలేదు. సంపూర్ణమ్మ వేళ్లు మడిచింది.

"చెరుకు బళ్ల వెనక ఇరుక్కుంటే ఉయ్యూరు వెళ్లిరావడానికీ అంతే పడుతుంది కదా వదినా" అని, ఆ సాయంత్రానికే విచ్చే మొగ్గలు ఏరి, అరటినారతో కట్టి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

అవి మన దీపాలవేళకే విచ్చాయి. కింద సముద్రం, కిటికీలు మూసుకుని జనమంతా నిద్ర. తలమీది అరలోంచి వాసన మెల్లగా దిగిందట. ఒక్కొక్కరే కళ్లు తెరిచి, తాము ఎక్కడున్నారో మరిచినట్టు చూశారట. రామతులసి ఫోనులో చెప్పింది. దారి ఇంకా బోలెడు మిగిలే ఉంది. దిగేసరికి దండ కమిలిపోయింది.

శ్రీదుర్గ వీడియోలో ఆ దండను మొహానికి ఆనించుకుని, "వాసన పోలేదు పిన్నీ" అంది సంపూర్ణమ్మతో.

"వాడినవి తల్లో పెట్టుకోకు. దిండు పక్కన పెట్టుకుని పడుకో."

ఆ పూట సంపూర్ణమ్మ అన్నం ముట్టలేదు.

పెళ్లిపూలు తండ్రి వెంట వెళ్లాలి. ఈసారి ఆయన్ను గుమ్మంలోనే నిలబెట్టింది.

"గడియారాల సంగతి నాకొద్దండీ. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మీకు ఎన్నిసార్లు ఆకలేస్తుందో చెప్పండి."

ఆయన నవ్వబోయి మానుకున్నారు. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు, పదిహేడు గంటలు కూర్చోవాలి, దిగిన మర్నాడు పొద్దున ముహూర్తం అన్నారు. ఆవిడ పచ్చి మొగ్గలు, గట్టివి ఏరింది. గుప్పెడు తన దగ్గరే తడిగుడ్డలో దాచుకుంది.

ఆయన వెళ్లిన మర్నాడు సాయంత్రం మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. కృష్ణ మీది గాలి కాస్త తిరిగింది. వీధి దీపాలు వెలిగాయి. ఆవిడ ఒళ్లో గుడ్డ విప్పింది. కలలో ఎవరో పిలిస్తే పలకబోయినట్టు ఒక మొగ్గ పెదవి విప్పింది. తర్వాత దాని పక్కది.

"అక్కడ తెల్లారింది వదినా. పిల్లకి జడ వేస్తున్నారు."

ఫోను చేసి కనుక్కుందామా అన్నాను. వద్దని చెయ్యి ఊపి, పూలకేసే చూస్తూ కూర్చుంది.