గుమ్మం బయట కూర్చున్న సర్పంచి

సిమెంటు గచ్చు మీద ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరిపితే కీచుమని వచ్చే చప్పుడు నాకు ఒంట్లో ఎక్కడో గీసుకున్నట్టు తగులుతుంది. మొన్న గుడివాడ పక్కన ఒక పంచాయతీ సమావేశం చూడడానికి వెళ్ళాను. షాపుల కేటాయింపు విషయం రాగానే ఒక వార్డు సభ్యుడు లేచి, ఇందులో తన తమ్ముడు ఉన్నాడనీ, తాను బయట కూర్చుంటాననీ చెప్పి కుర్చీ జరుపుకొని వెళ్ళిపోయాడు. చాలామంది మెచ్చుకోలుగా తలలూపారు. నేను మాత్రం ఆయన వెళ్ళిన గుమ్మం వైపు చూడలేదు. లోపల మిగిలినవాళ్ళ మొహాలు చూశాను. పద్ధతి గల మనిషి బయటికి నడవగానే ఎవరి భుజాలు తేలికపడతాయో చూడడం నాకు అలవాటు. ఆ అలవాటు నాకు సుగుణమ్మ గారి దగ్గర అబ్బింది.

నాది మొవ్వ దగ్గర పల్లె. పంచాయతీ సెక్రటరీగా మొదటి ఉద్యోగం కృత్తివెన్ను దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే బతకాలి. సుగుణమ్మ గారు అప్పటికి ఆ ఊరి సర్పంచి. బడిపంతులుగా రిటైరయ్యారు. భర్త పోయారు, ఒక్కతే కూతురు. ఊరంతా టీచరమ్మ అనే పిలిచేవాళ్ళు. రిజర్వేషన్ వచ్చినప్పుడు చర్చి పెద్దలు, రైతులు కూడబలుక్కుని ఆవిణ్ణి నిలబెట్టారట. మెత్తని మనిషి, చెప్పినట్టు వింటుందనుకున్నారు. ఆ లెక్క తప్పింది. ప్రతి సమావేశంలోనూ, ఒక్కో విషయం మొదలయ్యే ముందు ఆవిడ కళ్ళజోడు తీసి పట్టుకుని, "ఇందులో మనవాళ్ళెవరన్నా ఉన్నారా?" అని అడిగేవారు. ఉన్నవాళ్ళు లేచి వరండాలోకి వెళ్ళాలి. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. ఆ తర్వాత అదే ఊరి ఆచారమైపోయింది.

నాకు ఆ పద్ధతి నచ్చింది కానీ ఆవిడ మీద నమ్మకం కుదరలేదు. ఉద్యోగంలో చేరేముందు మా నాన్న నన్ను కూర్చోబెట్టి, పదవిలో ఉన్నవాళ్ళు నీతులు చెబుతుంటే చెప్పే మాట కాదు, పక్కనున్న చెయ్యి చూడమన్నారు. అందుకని నేను ఆవిడ చెయ్యి చూస్తుండేదాన్ని. ఎవరింట్లో టీ తాగారు, ఎవరి బండి మీద బందరు వెళ్ళారు, ఎవరిని చూసి ముందుగా నవ్వారు అన్నీ గమనించేదాన్ని. ఏమీ దొరికేది కాదు. దొరకనందుకు అనుమానం తగ్గకపోగా ఇంకా పెరిగేది.

ఉపసర్పంచి వెంకటరత్నం గారిది ఇంకో తరహా. ఎప్పుడూ గొంతు పెంచరు. నేను కనబడితే లేచి నిలబడి, "రండమ్మా" అని కుర్చీ చూపించేవారు. వరి పొలాలు రొయ్యల చెరువులైన కొత్తలోనే చేతులు కాల్చుకుని, మళ్ళీ నిలదొక్కుకున్న మనిషి. ఆ ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. కాలవకు నీళ్ళు వదిలినప్పుడు నింపుకునే మంచినీళ్ళ చెరువొక్కటే ఊరి గొంతు తడుపుతుంది. ఆ చెరువు గట్టుకు ఆనుకుని వెంకటరత్నం గారి బావమరిది పొలం ఉంది. దాన్ని రొయ్యల చెరువుగా మార్చుకోవాలని వెంకటరత్నం గారికి ఎప్పటినుంచో మనసు. పక్కన ఉప్పునీళ్ళు నిలవబెడితే మంచినీళ్ళ చెరువులోకి ఊరకుండా ఉంటాయా? సుగుణమ్మ గారు ఆ మాట ఎత్తితేనే తల అడ్డంగా ఊపేవారు. ఆవిడ ఆ కుర్చీలో ఉండగా అది అయ్యే పని కాదని ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒకసారి రోడ్డు పక్కనున్న పంచాయతీ ఖాళీ స్థలాన్ని లీజుకివ్వడం సమావేశానికి వచ్చింది. చేపలకు ఐసు నిలవ చేసే గోడౌను కోసం ఒకే ఒక్కరు దరఖాస్తు పెట్టుకున్నారు. నేను పేరు చదవగానే సుగుణమ్మ గారి మొహం మారింది. అది ఆవిడ అల్లుడి పేరు. అవనిగడ్డలో చేపల వ్యాపారం చేసుకుంటూ ఉంటాడు. తనకు ఈ సంగతి తెలియదన్నారు. తెలిసినా తెలియకపోయినా తను ఉండకూడదన్నారు. కుర్చీ వెనక్కి జరిపారు. గచ్చు కీచుమంది. లోపలి మాటలు చెవిన పడకూడదని వరండా చివరిదాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

వెంకటరత్నం గారు అధ్యక్షుడి కుర్చీలోకి మారారు. లీజు క్షణాల్లో ఒప్పుకున్నారు. నేను కలం మూయబోతుంటే ఆయన, గట్టు పక్క పొలాన్ని చెరువుగా మార్చుకోవడానికి పంచాయతీకి అభ్యంతరం లేదని కూడా రాసుకోమన్నారు, చాలా మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు.

"అది ఎజెండాలో లేదండీ," అన్నాను.

"అధ్యక్షుడి అనుమతితో అని ఒక ముక్క ఉంటుంది కదమ్మా. ఇప్పుడు అధ్యక్షుణ్ణి నేనే."

పొలం మీ బావమరిదిది కదా, మీరూ లేవాలి కదా అన్నాను. ఆయన నవ్వి, బావమరిది పొలం బావమరిదిదేనన్నారు. నేను టీచరమ్మ గారిని పిలుద్దామని లేచి గుమ్మం చేరేలోపు చేతులు లేచాయి, దిగాయి. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. అంతా ముందే మాట్లాడుకున్నారని అప్పుడర్థమైంది.

సుగుణమ్మ గారు లోపలికి వచ్చి, జరిగింది విని, అరవలేదు. నెమ్మదిగా కూర్చుని, స్థలం ఖాళీగా ఉందని తన అల్లుడికి ఎవరు చెప్పారని మాత్రం అడిగారు. వెంకటరత్నం గారు కండువా దులుపుకుని లేచారు.

సాయంత్రానికి ఊళ్ళో మాట పుట్టింది. అల్లుడికి స్థలం, ఉపసర్పంచికి చెరువు, ఇచ్చిపుచ్చుకున్నారు, మధ్యలో టీచరమ్మ వరండా నాటకం ఒకటి. టీ కొట్టు దగ్గర ఆ మాట నా చెవిన పడినప్పుడు నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, నా మనసులో ఉన్నదే ఎవరో పైకి అన్నట్టనిపించింది. అంత దూరం వెళ్ళి వీపు తిప్పుకుని ఎందుకు కూర్చున్నారు? సొంత అల్లుడి దరఖాస్తు సంగతి నిజంగా తెలియదా? నిజాయితీ అయినా ఒప్పందం అయినా, ఆ వరండాలో కూర్చున్న మనిషి బయటికి ఒకేలా కనిపిస్తుంది. తేడా కనిపెట్టే దారి నాకు తోచలేదు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆవిడ నన్ను పిలిచి, అవనిగడ్డ వెళ్తున్నాను, నువ్వూ రామ్మా అన్నారు. బందరులో బస్సు మారి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళాం. కూతురు ప్రసన్న మమ్మల్ని చూసి సంతోషంగా ఎదురొచ్చింది. ఆ సంతోషం టీ గ్లాసులు ఖాళీ అయ్యేదాకా నిలవలేదు.

అల్లుడు దాచలేదు. "వెంకటరత్నం గారే ఫోన్ చేశారండీ. అప్లికేషన్ పెట్టుకోండి, మీ అత్తగారికి మాత్రం ముందు చెప్పొద్దు, ఆవిడ పద్ధతి మనిషి, పెట్టనివ్వరు అన్నారు," అన్నాడు. ఆ లీజు వదులుకోమని సుగుణమ్మ గారు అడిగారు. ఎందుకు వదులుకోవాలండీ, నేనేమన్నా దొంగతనం చేశానా, ఇంకెవరూ అడగని స్థలం అడిగాను, మెషీన్లకు అడ్వాన్సు కూడా ఇచ్చాను అన్నాడు. అందులో తప్పేముందో నాకూ కనబడలేదు. ఆవిడ మళ్ళీ అడిగారు. అప్పుడు ప్రసన్న వంటింటి గుమ్మంలోంచి అంది: "నీ పేరు నిలబడ్డానికి మా పొట్ట కొట్టుకోమంటున్నావా అమ్మా?"

సుగుణమ్మ గారు లేచి చెప్పులు వేసుకున్నారు. భోజనానికి ఉండమని ప్రసన్న అనలేదు.

తిరుగు బస్సులో పులిగడ్డ దాటాక ఆవిడ కిటికీలోంచి చూస్తూనే, నిన్నెందుకు తీసుకొచ్చానో అడగవేం అన్నారు. సాక్ష్యం కోసమేమో అన్నాను.

"సాక్ష్యానికి కాదమ్మాయ్. నువ్వు నన్ను అనుమానిస్తున్నావు. ఆ రోజే నీ మొహంలో చూశా. కూతురి ముందు కూచుంటే నేను మెత్తబడతానని నాకు తెలుసు. అనుమానించే మనిషి పక్కనుంటే మెత్తబడను."

నేను లేదండీ అనబోయాను. లేదనకు, అన్నారు. నన్ను అనుమానించకపోతే ఇక ఎవరిని అనుమానిస్తావు, నీ ఉద్యోగమే అది, అన్నారు. ఆ తర్వాత చల్లపల్లి వచ్చేదాకా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నారు. అది నటన కాదు. నా పక్కన ఒక తల్లి ఏడుస్తోంది. అప్పుడు కూడా నాలో ఒక మూల, చూస్తూ ఉండు అని అంటూనే ఉంది.

ఆవిడ గ్రామసభ పెట్టించారు. బడి ఆవరణలో, పగటిపూట. మంచినీళ్ళ చెరువు మాట కాబట్టి ఆడవాళ్ళు ఎక్కువమంది వచ్చారు. వాళ్ళేగా బిందెలు మోసేది. సుగుణమ్మ గారు మైకు పుచ్చుకుని మొదట తన అల్లుడి సంగతే చెప్పారు. ఫోన్ ఎవరు చేశారో, ఎందుకు దాచమన్నారో, తను బయట కూర్చున్నప్పుడు లోపల ఏం జరిగిందో చెప్పారు. వెంకటరత్నం గారు మర్యాదగా లేచి, టీచరమ్మ గారి అల్లుడికి ఇచ్చినప్పుడు లేని అభ్యంతరం మా దగ్గరికి వచ్చేసరికి ఎందుకొచ్చిందో ఊరివాళ్ళే ఆలోచించాలన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ నేల మీద కూర్చునే అడిగింది:

"నీకు ముందు తెలుసా, తెలవదా? అది చెప్పు టీచరమ్మా."

"తెలియదు. తెలుసుకోవాల్సింది. లేచి బయటికెళ్తే నా పని అయిపోయిందనుకున్నా. నన్ను బయటికి పంపడానికే మా అల్లుణ్ణి తెచ్చారని తట్టలేదు. రెండూ రద్దు చెయ్యండి. మా అల్లుడిది ముందు."

ఊరు ఆ మాట పట్టుకుంది. తర్వాత పంచాయతీ మళ్ళీ కూర్చున్నప్పుడు గుమ్మం బయట, కిటికీల దగ్గర జనం నిలబడ్డారు. ఆ రోజు ఒప్పుకోవడానికి లేచిన చేతులే ఇప్పుడు రద్దు చెయ్యడానికి లేచాయి. వెంకటరత్నం గారి చెయ్యి కూడా లేచింది. నాకు భయం వేసింది ఆ చెయ్యి చూసే. అంత తేలిగ్గా లేచిన చెయ్యి ఇంకోచోట ఏదో పని చేస్తూనే ఉంటుంది.

చేసింది కూడా. మంచినీళ్ళ చెరువు గట్టు పక్క తవ్వకం మొదలవకుండానే ఆగిపోయింది. నేను బదిలీ అయ్యేదాకా ఆ నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. కాని మురుగు కాలవ దిగువన, మాకు తెలియని పేర్ల మీద, ఒక్కొక్కటే రొయ్యల చెరువులు వచ్చాయి. తర్వాతి ఎన్నికల్లో రిజర్వేషన్ మారింది. వెంకటరత్నం గారి భార్య సర్పంచి అయ్యారు. సమావేశాల్లో ఆవిడ పక్కన ఆయనే కూర్చుని మాట్లాడతారని విన్నాను.

సుగుణమ్మ గారు తన పదవిలో మిగిలిన కాలంలో తన పద్ధతిని మానుకోలేదు, మార్చుకున్నారు. ఎవరికైనా సొంతవాళ్ళు ఉన్న విషయాన్ని ఎజెండాలో చిట్టచివరికి నెట్టమనేవారు. వాళ్ళు లేచి వెళ్ళాక ఇంకే విషయమూ మిగలకూడదు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి, తాము లేనప్పుడు రాసింది పైకి చదివించుకోవాలి. అంతే మార్పు. చిన్నదే. నేను పనిచేసిన ప్రతిచోటా అదే పెట్టించాను. ప్రతిచోటా మొదట నవ్వారు.

ప్రసన్న చాలాకాలం పుట్టింటికి రాలేదు. అల్లుడు ఆ వ్యాపారంలో దెబ్బతిని, ఇంకో పని చూసుకున్నాడు. సుగుణమ్మ గారికి జబ్బు చేసి బందరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను వెళ్ళేసరికి ప్రసన్న మంచం పక్కన కూర్చుని తల్లికి జావ పడుతోంది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు లేదు. ఒకరు చెంచా ఎత్తుతున్నారు, ఒకరు నోరు తెరుస్తున్నారు. నన్ను చూసి సుగుణమ్మ గారు, ఇంకా నన్ను అనుమానిస్తున్నావా అని అడిగారు. కొంచెం, అన్నాను. ఆవిడ నవ్వారు. ప్రసన్న నవ్వలేదు. ఆ తర్వాత సుగుణమ్మ గారు ఎక్కువ రోజులు లేరు.

ఇప్పుడు నేను మండలంలో పంచాయతీల పని చూసే అధికారిని. నా సంతకం చూసి కళ్ళకద్దుకునే సెక్రటరీల కంటే, రెండుసార్లు చదివి ఇదేంటండీ అని అడిగేవాళ్ళనే దగ్గర పెట్టుకుంటాను. వాళ్ళ చూపు ఇబ్బందిగానే ఉంటుంది. ఉండాలనే పెట్టుకుంటాను. ఈమధ్య మా అన్నయ్య ఫోన్ చేసి, తన లేఅవుట్ ఫైలు నా పరిధిలోకి వచ్చిందనీ, ఒకసారి ఇంటికి వచ్చి మాట్లాడతాననీ అన్నాడు. ఆఫీసుకు రా అన్నయ్యా, సెక్రటరీ ముందు మాట్లాడుకుందాం, ఆ ఫైలు నేను చూడను, ఎవరు చూస్తారో వాళ్ళకు మన చుట్టరికం చెప్పి అప్పగిస్తాను అన్నాను.

"నామీద నమ్మకం లేదా?" అన్నాడు.

నామీద నాకే లేదు అన్నయ్యా, అన్నాను. అతనికి అర్థమైనట్టు లేదు. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు.