ఉప్పు లేని కోసంబరి

మే నెల ఎండలో, బంగారుపాళ్యం దగ్గర మా బస్సు చెడిపోయింది. మంచినీళ్లు అడుగుదామని పక్కనున్న మామిడితోటలోని ఇంటికి వెళ్లాను.

"కూర్చో నాయనా, కోసంబరి తిందువు" అంది ఆ ఇంటి పెద్దావిడ. నానిన పెసరపప్పులో కీరా, క్యారెట్, పచ్చిమామిడి తురిమి కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. కాసేపటికి చల్లటి గిన్నె చేతికిచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పే లేదు.

"ఉప్పు సరిగ్గా ఉండాదా?" అంది.

"మీరు రుచి చూడలేదా అమ్మా?"

"వడ్డించక ముందే నోట్లో పెట్టుకుంటే ఎంగిలైపోదా? మేం సూడం. మొదట మా ఆయనే తిని, ఎక్కువో తక్కువో సెప్పేవోడు. నెల కిందట పోయినాడు."

ఒకరింట్లో తింటూ వంక పెట్టడం మా శ్రీకాకుళం వైపు తప్పు. పైగా ఆ మాట విన్నాక నోరెలా వస్తుంది?

"సరిపోయిందమ్మా" అన్నాను. గిన్నె ఖాళీ చేశాను.

అప్పుడు తనూ కొంచెం పెట్టుకుంది. ఒక ముద్ద తిని, నమలడం ఆపేసింది. ఉప్పు కోసం లేవలేదు.

"ఆయనైతే సెప్పుండేవోడు" అంది.