చక్రాల ఇంటి ముందు ఫోటో

నిన్న భీమవరం నుంచి మా ఆవిడ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించిన దగ్గర్నుంచి ఈ మల్లేశం నవ్వు ఆపడం లేదు. వాడు చెబితే లేనిపోనివి కలుపుతాడు. అందుకని నేనే చెప్పేస్తాను, వినండి!

ఇక్కడ అరబ్బు దేశంలో నేను డ్రైవరుగా ఉన్న ఇంజనీరు దొరకి ఒక కారవాన్ ఉంది. జీపు వెనక తగిలిస్తే ఇల్లే మన వెంట వస్తుంది. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, కొళాయి, అన్నీ అందులోనే! దొర సెలవుకి లండన్ వెళ్తూ, "శుక్రవారం నీకు సెలవేగా, కావాలంటే తిప్పుకో" అన్నాడు. అంతే! దొర నాకు చక్రాల ఇల్లు ఇచ్చేశాడని ఇంటికి రాసి పారేశాను. ఇక ఫోటో పంపకపోతే పరువేం కాను?

డేరా బజార్లో కెమెరా రీలు కొన్నాను. తోడుగా మల్లేశం. నా గదిలోనే ఉంటాడు, కరీంనగర్ వైపు మేస్త్రీ. బయల్దేరేటప్పుడు పెద్ద నీళ్ళ డబ్బా మోసుకొచ్చాడు.

"అన్నా, ఆడ నల్లా ఉండదట. గిది గూడ ఏసుకుందాం."

"ఇల్లే వెంట వస్తుంటే డబ్బా ఎందుకురా మాలోకం! దించు."

దించాడు పాపం.

ఖోర్ ఫక్కాన్ అనే సముద్రపు ఊరు దాటాక ఖాళీ ఒడ్డు దొరికింది. కొళాయి లేదు, కరెంటు స్తంభం లేదు, అడిగేవాడూ లేడు. ఫోటోలో సముద్రం పడాలని బండిని నీటి అంచు దాకా దించాను. తీరా చూస్తే కారవాన్ నిండా కొండదారి దుమ్ము! డ్రైవర్నండీ నేను. పొద్దున్నే బండి కడగందే టీ కూడా తాగను. దుమ్ము బండికి ఫోటో తీయిస్తానా? కారవాన్ కొళాయి కింద బకెట్ పట్టాను, గుడ్డ అందుకున్నాను. పైకప్పు కూడా వదల్లేదు. తళతళలాడిపోయింది!

బియ్యం కడుగుదామని మల్లేశం కొళాయి తిప్పితే గాలి వచ్చింది.

"అన్నా... నీళ్ళు ఖలాస్!"

ఊళ్ళోకి వెళ్ళి తెద్దామని జీపు ఎక్కితే, అది ఇరుసు దాకా తడి ఇసుకలో దిగిపోయింది. నేనా తగ్గేవాణ్ణి? "ఎలాగూ ఉప్పు వేస్తాంగా, సముద్రం నీళ్ళతోనే వండెయ్" అన్నాను. ఆకలికి నాలుగు ముద్దలు మింగాం. నాలుక అట్టముక్క అయిపోయింది. పైన ఎండ.

"ఈడనే సస్తమే అన్నా!" అని మల్లేశం కూలబడ్డాడు. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు? అయినా ఫోటో వదల్లేదు. వాణ్ణి లేపి, కెమెరా చేతికిచ్చి, తలుపు మీద చెయ్యేసి నిలబడ్డాను. "నవ్వు బాగా వచ్చిందా?" అని కూడా అడిగాను!

చివరికి చేపలు పట్టే ముసలి అరబ్బు ఒకాయన పికప్‌లో అటుగా వచ్చాడు. తాగడానికి నీళ్ళిచ్చాడు, తాడు కట్టి జీపుని లాగాడు. మెరిసే కారవాన్‌నీ, పగిలిన మా పెదాల్నీ మార్చి మార్చి చూశాడు.

"గాడీ కో పానీ, ఆద్మీ కో నహీ?" అన్నాడు వచ్చీరాని హిందీలో. బండికి నీళ్ళున్నాయి గానీ మనిషికి లేవా అని!

మల్లేశం నా వైపు వేలు చూపించాడు.

ఇక నిన్నటి ఉత్తరం. "ఏమండీ, ఫోటో అందింది. ఇల్లు భలే ఉంది, వీధి వీధంతా చూసి వెళ్ళారు" అని రాసింది. పరువు నిలబడిందని పొంగిపోయాను. తర్వాతి వాక్యం చదివాను. అప్పుడు గుర్తొచ్చింది, ఫోటోలో నా భుజం మీద తుడుపు గుడ్డ, కాళ్ళ దగ్గర బకెట్ అలాగే ఉండిపోయాయని!

మా బుజ్జి ఫోటో చూసి అడిగిందట: "అమ్మా, బండి కడిగేవాడు కనిపిస్తున్నాడు. మరి నాన్నేడీ?"

పిల్ల తెలివైంది. నా పోలిక రాలేదు.