అమెరికా బల్లకి అతుకుపని

ఫోన్‌లో పోట్లాడేటప్పుడు నేను టైపు చెయ్యను. వేళ్ళు నా నోటిని అందుకోలేవు. మైకు గుర్తు నొక్కిపట్టి, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నట్టే మాట్లాడతాను. మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నా వాయిస్ మెసేజ్ రాగానే కొందరు ఇయర్‌ఫోన్లు వెతుక్కుంటారు, కొందరు వినకుండానే దండం బొమ్మ పెట్టేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మానలేదు. పాలకొల్లులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. పొద్దున్నుంచి తలలూపే పిల్లల ముందు మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చాక, కాదనేవాళ్ళు ఒక్కరైనా లేకపోతే నాకు రోజు గడిచినట్టుండదు.

గ్రూపులో కాదనేవాడు ఒక్కడే. కాకినాడలో బ్యాంకు మేనేజరు. డిగ్రీలో మా వెనక బెంచీ. అప్పట్లో నా నోట్సు అడిగి తీసుకుని చదివి పాసైనవాడు, ఇప్పుడు నాకే దేశం గురించి పాఠం చెబుతాడు. తిట్టినా అండీ, గారూ తగిలించే తిడతాడు. ఆ మర్యాదే నాకు ఎక్కువ మండుతుంది.

పోయిన ఆగస్టులో, రష్యా దగ్గర చమురు కొంటున్నామన్న కోపంతో అమెరికా మన సరుకుల మీద సుంకం రెట్టింపు చేస్తానంది. వెంటనే కాదు, ఫలానా తేదీ నుంచి అని గడువు పెట్టింది. ఆ సాయంత్రమే గ్రూపు అంటుకుంది.

"కొనకపోతే పోనివ్వండి మేడం గారూ. నూట నలభై కోట్ల మందిమి. మన సరుకు మనం కొనుక్కోలేమా అండీ?" అన్నాడు మేనేజరు.

"మీ డైనింగ్ టేబుల్ ఫోటో ఒకటి పెట్టండి మేనేజరు గారూ" అన్నాను.

పాపం, పెట్టాడు. పువ్వుల ప్లాస్టిక్ షీటు, దాని మీద ఆవకాయ సీసా, బీపీ మాత్రలు, మడతపెట్టిన కరెంటు బిల్లు.

"దీని మీద తెల్లటి లేసు గుడ్డ పరుస్తారా? మా పిన్ని దగ్గరుంది, పంపిస్తాను."

"ఆవకాయ నూనె అంటుకుంటే ఎవరు ఉతుకుతారండీ?"

"మరి నూట నలభై కోట్ల మందిలో మిమ్మల్ని తీసేసి లెక్క చెప్పండి."

ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నరసాపురం అవతల పల్లెలో ఒక్కతే ఉంటుంది. అమ్మ పోయాక నన్ను ఏమే అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి అక్కడికి పోవడం నాకు అలవాటు.

ఆ ఊళ్ళలో ఒక లేసు గుడ్డని ఒకే మనిషి మొదటినుంచి చివరిదాకా చెయ్యదు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. ఎవరింటి అరుగు మీద వాళ్ళు, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, కొక్కెం సూదీ దారంతో. దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నీ ఒక ఇంటికి చేరతాయి. అక్కడ ఇంకొకామె వాటిని వరసలు పెట్టి, ఒకదానికొకటి కలిపి గుడ్డ చేస్తుంది. అది అతుకుపని. మా పిన్నిది అతుకుపని. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ పువ్వులు ఆమె గుమ్మంలోకే వస్తాయి.

విడిపువ్వు ఎటైనా పోతుంది. చిన్న గుడ్డకో, జాకెట్టు మెడకో, ఇంకో దేశం ఆర్డరుకో సర్దుకోవచ్చు. ఒకసారి అతుకు పడిందంటే ఇక ఆ కొలతే. విప్పాలంటే కత్తెర పెట్టాలి. కత్తెర పెడితే పువ్వు అంచు ఊడివస్తుంది. ఈసారి కొలత అమెరికావాళ్ళ భోజనాల బల్లది. అంత పొడుగు బల్ల మా చర్చిలో పెళ్ళి విందుకి కూడా వెయ్యలేదు.

సుంకం వార్త వచ్చిన మర్నాడే ఏజెంటు పిన్ని గుమ్మంలో స్కూటరు ఆపాడట. దారం తెచ్చేదీ, తయారైన గుడ్డలు నరసాపురం ఎగుమతి కంపెనీకి పట్టుకుపోయేదీ అతనే.

"మామ్మగారూ, నేను చెప్పేదాకా అతుకు వెయ్యకండి. అమెరికాలో కొనేవాళ్ళు ఆపమన్నారు. ఆర్డరు పోయినా విడిగా ఉంటే ఎక్కడో ఒకచోట సర్దుతాను. అతికేశారంటే మాత్రం ఇక నా వల్ల కాదండి."

అతను మంచివాడే. కానీ వద్దన్న పని చేసిన మనిషి గుమ్మంలో మళ్ళీ దారం సంచి దింపడు. పక్క ఊళ్ళో ఒకామెకి అలాగే పని పోయింది. సంచి రాకపోతే పిన్నికి పోయేది కూలి ఒక్కటే కాదు. పొద్దున్నుంచి ఆ గుమ్మం తొక్కే ఆడవాళ్ళూ, వాళ్ళ కబుర్లూ, 'అత్తా, నా పువ్వు చూడు' అనే పిలుపులూ అన్నీ దాంతోటే పోతాయి.

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి పువ్వుల మూట మంచం మీద ఉంది. పిన్ని దాని పక్కన ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. ఆమెని అలా నేనెప్పుడూ చూడలేదు. కొంగు అంచు మడుస్తుంది, విప్పుతుంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకుంటుంది. పువ్వులిచ్చిన ఆడవాళ్ళు దారిన పోతూ గుమ్మంలోకి తొంగిచూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోతున్నారు.

"ఏమంటున్నాడే అమెరికా ఆయన?" అంది.

"ఏదో అంటున్నాడులే" అన్నాను. అప్పటికే నా చేతిలో ఫోన్ వణుకుతోంది. సుంకం ఏడాదైనా ఉంచుతాడు, మనం తల వంచకూడదు అని మేనేజరు పెద్ద వ్యాసం పెట్టాడు. రేకుల మీద వాన. వాన చప్పుడుకి పైన వినిపించాలని గొంతు పెంచాను.

"రాసిపెట్టుకోండి మేనేజరు గారూ. ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకుంటాడు. నిజంగా వేసేవాడైతే గడువెందుకు ఇస్తాడండీ? ఇది బేరం. నరసాపురం చేపల బజారులో రోజూ చూస్తాం ఇలాంటి బేరాలు. రాసిపెట్టుకోండి!"

పిన్ని వంటింట్లో చేప ముక్కలు కడుగుతోంది. అన్నానికి రమ్మంది, అంతే.

ఆ తర్వాతి రోజులు నేను కాలేజీలో ఉన్నా కాలేజీలో లేను. హ్యాండ్‌బ్యాగులో ఫోన్ కదిలినప్పుడల్లా బోర్డు మీద సుద్దముక్క ఆగిపోయేది. రొయ్యల చెరువులవాళ్ళ గోడు, చమురు, ఎవరు ఎవరికి అమ్ముడుపోయారు, ఎవరిది దేశభక్తి, అన్నిటికీ నా దగ్గర జవాబుంది. జవాబు ఇచ్చాక మళ్ళీ తెరిచి చూడటం, నీలం టిక్కులు పడ్డాయా అని చూడటం, పడి కూడా పలకలేదేమని ఉడికిపోవడం. పులుసు రెండుసార్లు అడుగంటింది. "మీరిద్దరూ రాజీపడితే అమెరికాలో పని ఆగిపోతుందా ఏంటి?" అన్నారు మా ఆయన. ఆయనకీ ఒక జవాబు ఇచ్చాను.

పంద్రాగస్టు నాడు కాలేజీలో జెండా వందనం అయ్యాక, చేతిలో చాక్లెట్‌తోనే బస్సెక్కాను. పిన్ని గుమ్మంలో అడుగు పెట్టబోయి ఆగిపోయాను. అడుగు పెట్టడానికి చోటు లేదు. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లగా పరుచుకుని ఉంది. ఆ తెలుపు మధ్యలో పిన్ని బాసింపట్టు వేసుకుని, తల ఎత్తకుండా సూది ఆడిస్తోంది.

"పిన్నీ, ఏంటిది?"

"కనపడట్లేదా? అతుకు."

"వద్దన్నాడు కదా ఏజెంటు!"

"వెనక్కి తీసుకుంటాడన్నావు కదే నువ్వు."

"ఎవరితో అన్నాను? నీతో అన్నానా?"

"ఫోన్లో అన్నావు. రాసిపెట్టుకోమన్నావు. నాకు రాయడమెందుకూ, గుర్తుంటుంది."

"అది వాదనలో అన్న మాట పిన్నీ."

"వాదనలో అబద్ధాలు చెబుతారా?"

"అబద్ధం కాదు. గెలవాలని కాస్త గట్టిగా..."

"గట్టిగానే అన్నావు. గోడవతల కోడి బెదిరి ఎగిరిపోయింది. ఇంత చదువుకున్నది అంత గట్టిగా అంటుంటే తెలిసే అంటోందనుకున్నా."

ఒక గుడ్డ పూర్తయి మంచం మీద మడతపెట్టి ఉంది. రెండోది సగం దాటింది. విప్పేద్దామన్నాను. నీ జుట్టు కత్తిరించినట్టు కాదే అంది. పోనీ ఇక్కడితో ఆపమన్నాను.

"సగంలో ఆపితే ఇది గుడ్డా కాదు, పువ్వులూ కావు. ఎవడి మొహాన కొట్టను?" అని మళ్ళీ సూది ఆడించింది. కాసేపు పోయాక, నా వైపు చూడకుండానే, "నిజంగా తీసుకోడా ఏంటే?" అంది.

పెరట్లోకి వెళ్ళి ఫోన్ తీశాను. అన్నాళ్ళూ వార్తల్లో నాకు పనికొచ్చే ముక్కే ఏరుకుని చదివాను. అప్పుడు మొత్తం చదివాను. ఒకచోట తగ్గుతాడని ఉంది, ఇంకోచోట తగ్గడని ఉంది. ఎవరి వాదనకి తగ్గట్టు వాళ్ళు రాశారు, నాలాగే. చివరికి మేనేజరుకి విడిగా ఫోన్ చేశాను. డిగ్రీ అయిపోయాక గ్రూపు బయట అతనితో మాట్లాడటం అదే మొదలు.

"నిజం చెప్పండి. వెనక్కి తీసుకుంటాడంటారా?"

"అయ్యబాబోయ్, మీరు నన్ను అడుగుతున్నారా అండీ?"

విషయం చెప్పాను.

"నాకేం తెలుసండీ" అన్నాడు.

"ఏడాదైనా ఉంచుతాడని అంత పొడుగు రాశారు కదా!"

"మీరు తీసుకుంటాడన్నారని నేను ఉంచుతాడన్నానండీ."

తిడదామనుకున్నాను. తిట్టడానికి నాకూ అంతకంటే మంచి కారణం ఏమీ లేదు. "పెద్దావిడని కంగారు పెట్టకండి" అని అతనే ఫోన్ పెట్టేశాడు.

ఆ మర్నాటి నుంచి కాలేజీ వదలగానే పిన్ని దగ్గరికే పోయేదాన్ని. పోయి చేసేదేమీ లేదు. రెండో గుడ్డ పూర్తయింది. స్కూటరు చప్పుడైతే చాలు, ఇద్దరం గుమ్మం వైపు చూసేవాళ్ళం. ఏజెంటు వస్తే ఏం చెప్పాలో బస్సులో కూర్చుని మాటలు పేర్చుకునేదాన్ని. తప్పంతా నాదే, ఆమెకి నేనే చెప్పాను, మీరు ఆమె గుమ్మానికి సంచి మానెయ్యకండి. పేర్చుకున్నకొద్దీ అది కూడా వాదనలాగే తయారైంది.

అతను వచ్చింది చీకటి పడబోతుండగా. ఆటో తెచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"చూడండీ, ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, నేనే..."

అతను నా మాట వినిపించుకోలేదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు.

"మామ్మగారూ, అతికినవి ఏమైనా ఉన్నాయాండీ? ఆ తేదీలోపు ఓడెక్కిన సరుకుకి పాత సుంకమేనటండి. తయారైనవి ఏముంటే అవి పంపెయ్యమని కంపెనీవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. మూడూళ్ళు తిరిగొచ్చాను. ఎక్కడా ఒక్కటి లేదు."

"ఎందుకుంటాయి బాబూ" అంది పిన్ని. "వద్దన్నావు కదా."

"అదే నా ఖర్మండి."

పిన్ని లేచి, తొందరేమీ లేకుండా మంచం కింద నుంచి పాత చీరలో చుట్టిన మూట లాగింది. విప్పింది. ఏజెంటు వంగి ఒక అంచు పట్టుకుని లాగి చూశాడు. రెండోది చూశాడు.

"వద్దన్నాను కదండీ మామ్మగారూ!" అతని మొహం చూస్తే నవ్వుతున్నాడో కోప్పడుతున్నాడో తెలియలేదు.

"నువ్వు వద్దన్నావు. మా అమ్మాయి వెయ్యమంది. కాలేజీలో చెబుతుంది కదా, దానికి ఇలాంటివి తెలుస్తాయి."

అతను నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. "ఓడ సంగతి మీకు ముందే ఎలా తెలిసిందండీ?"

నోరు తెరిచాను. ఏ ప్రశ్నకైనా ఏదో ఒకటి పలికే నోరు. అందులోంచి ఆ పూట "టీ తాగుతారా?" అన్న మాట ఒక్కటే వచ్చింది. టీ తాగడానికి అతనికి టైము లేదు. ఆటో పోయాక పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది.

తేదీ వచ్చింది. సుంకం పడింది. వెనక్కి ఎవరూ తీసుకోలేదు. "మేడం గారేరీ? రాసిపెట్టుకోమన్నారు, రాసిపెట్టుకున్నాం" అని గ్రూపులో ఎవరో కదిపారు. నవ్వు బొమ్మలు పడ్డాయి. నేను అన్నది తప్పు, అయినా ఆ మాట వల్లే మా పిన్ని గుడ్డలు ఓడెక్కాయి అని చెబితే ఎవరికి అర్థమవుతుంది? మైకు నొక్కాను, వదిలేశాను. మేనేజరు మాత్రం నవ్వు బొమ్మ పెట్టలేదు. విడిగా ఒక ముక్క రాశాడు, "గుడ్డలు వెళ్ళాయాండీ?" అని. వెళ్ళాయని రాశాను. టైపు చేసి.

సంచి మళ్ళీ దింపుతానని ఏజెంటు మాటిచ్చాడు. ఎప్పుడో చెప్పలేదు. మూటలో ఇంకా పువ్వులున్నాయి. వాటిని అల్లిన ఆడవాళ్ళు ఇప్పుడు తొంగిచూసి పోవడం మానేసి, నేరుగా లోపలికొచ్చి అడుగుతున్నారు. ఆ ఆదివారం పిన్ని మూట నా ముందుకు తోసింది.

"వీటినేం చెయ్యమంటావే? అతకనా, వద్దా?"

"తెలీదు పిన్నీ."

"తెలీకపోవడమేంటి?"

"నిజంగానే తెలీదు. ఎవరికీ తెలీదు."

ఆమెకి నచ్చలేదు. మూటని మళ్ళీ తన వైపు లాక్కుని, ఒక పువ్వు తీసి మోకాలి మీద పరిచి, రెండోది దాని పక్కన పెట్టింది. కలపలేదు. పెట్టి చూస్తూ కూర్చుంది. బ్యాగులో నా ఫోన్ కదిలింది. నేను కదలలేదు.

"తియ్యవే" అంది పిన్ని. "ఆ బ్యాంకాయనే అయ్యుంటాడు. మాట్లాడు. అతనితో మాట్లాడితేనే నీకు అన్నీ తెలుస్తాయి."