నర్సమ్మ ఇంటికి వేసిన పన్ను

మీ ఇంటికి అంత పన్ను ఎందుకొచ్చిందో, కట్టే ముందు ఎప్పుడైనా మీరే లెక్క వేసి చూశారా?

నా చిన్నప్పుడు, పట్నం అంచున ఉన్న మా ఖాజాగూడ ఇంకా పంచాయితీ. మా పక్కింట్లో ఒక నర్సమ్మ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి, పట్నంలో దవాఖాన ఉద్యోగం చేస్తూ, జీతంలో మిగిల్చి రెండు గదుల ఇల్లు కట్టుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాక తన వరండాలో ఊరివాళ్లకు సూదులు వేసేది. పైసా పుచ్చుకునేది కాదు. మా నానమ్మకు ఆయాసం వస్తే, నడిచి చేరుకోగలిగిన వైద్యం ఆ వరండా ఒక్కటే.

పన్ను కాగితం వస్తే ఆమె కూడా అందరిలాగే కట్టేసేది. మూడేళ్లు అలాగే కట్టింది. నాలుగో ఏడు, బడిలో నాకు వైశాల్యం లెక్కలు చెబుతున్నారని తెలిసి, చేతికి టేపు ఇచ్చి ఇల్లు కొలవమంది. నాకు లెక్కలంటే ఉన్న భయం పోగొట్టడానికే ఆ పని పెట్టిందని నా నమ్మకం. పొడవు, వెడల్పు కొలిచి గుణించాను. పంచాయితీ ఆఫీసు గోడకు అంటించిన పట్టికలోంచి ఇళ్లకు వేసే రేటు రాసుకొచ్చి మళ్లీ గుణించాను. కాగితంలో ఉన్నదానిలో సగమే వచ్చింది. నేనే తప్పు చేశానని ఏడుపొచ్చింది. ఆమె కోప్పడలేదు. టేపు రెండో కొస తాను పట్టుకుని మళ్లీ కొలిపించింది. అంతే వచ్చింది. అప్పుడు కాగితంలోని గడులు ఒక్కొక్కటీ చదివించింది. ‘వాడకం’ అన్నచోట ‘నివాసం’ లేదు, ‘వ్యాపారం’ అని ఉంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. “నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోనండి. అది ఇల్లేనండి” అంది.

గుమాస్తా నవ్వాడు. “వరండాల మంది లైన్ కడితే దవాఖాన కాదా సిస్టరమ్మా? మూడేండ్లు కట్టినవ్ గద, అప్పుడు యాదికి రాలేదా? తప్పయితే కట్టకముందే చెప్పాలె.”

కట్టామంటే ఒప్పుకున్నట్టేనట! సూదులు మానేస్తే చూస్తామన్నారు. రెండింతల పన్ను ఆమె జీతానికి పెద్ద బరువు. మానేసింది, మందులు కూడా ఇంట్లో ఉంచలేదు. మరుసటి ఏడు కూడా ‘వ్యాపారం’ అనే వచ్చింది. ఆ చలికాలం మా నానమ్మకు ఆయాసం ముదిరితే బండి కట్టి పట్నం తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. తలరాత అన్నారు మా ఇంట్లో. నానమ్మ తలమీద ఎవరూ ఏమీ రాయలేదు. ఒక మనిషి కాగితం మీద రాశాడు, మూడేళ్లు ఎవరూ చదవలేదు. అంతే.

ఇప్పుడు అదే ఖాజాగూడలో, ఒక టవర్ పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాను. ఈ ఏడు పన్ను పెరిగితే, ఎలా లెక్కకట్టారని అసోసియేషన్ మీటింగులో అడిగాను. పగలంతా కంప్యూటర్లకు లెక్కలు నేర్పేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. “ఏం ఫికర్ చేయకండి ఆంటీ, ముందే కడితే తగ్గింపు కూడా ఉంది” అంటూ ఒకబ్బాయి ఫోన్ తీసి అక్కడికక్కడే కట్టేశాడు. మిగతావాళ్లూ ఫోన్లు తీశారు.

వీళ్లు మారతారన్న ఆశ నాకు లేదు. ఆ లెక్క నేర్పిన మనిషే గెలవలేదు. అయినా నా లెక్క వేసుకున్నాకే వాళ్ల కాగితం విప్పుతాను. ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఆ అలవాటొక్కటే.

ఈసారి కాగితం రాగానే కట్టకండి. మీ ఇంటి కొలత, వాడకం, వయసు, మీ ప్రాంతానికి నిర్ణయించిన రేటు తెలుసుకుని మీరే లెక్క వేయండి. తేడా వస్తే అర్జీ రాయండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తర్వాతే కట్టండి.