వెయిటింగ్ రూములో నేను గెలిచిన వాదన

వరంగల్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక ముసలావిడ నోరు మూయించానని చాలామందికి గొప్పగా చెప్పాను. జరిగింది అది కాదు.

నేను ఈ-సిగరెట్ తాగుతుంటే ఆమె, "తమ్మీ, జర అది బంద్ చెయ్. నాకు దమ్మున్నది, ఊపిరాడ్తలేదు" అంది.

"ఇది పొగ గాదు, ఆవిరి. ఏంగాదని రీసెర్చ్‌లనే తేలింది. నువ్వేమన్న డాక్టర్‌వా?" అన్నాను. నేను చదివింది ఆ ఈ-సిగరెట్ డబ్బాలో వచ్చిన కాగితం మాత్రమే.

"ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన. తాగినోళ్లకే రోగం, చుట్టినోళ్లకు ఏంగాదని మాకు గూడ సదువుకున్నోళ్లే చెప్పిండ్రు" అంది.

నేను ఇంకోసారి గట్టిగా పీల్చాను. ఆమె ముఖం మీదికి ఆవిరి వదిలాను. ఆమె దగ్గుతూ సంచి తీసుకుని ఎండలోకి వెళ్లిపోయింది. ఫ్యాను కింద ఖాళీ అయిన ఆమె కుర్చీలో నా బ్యాగు పెట్టుకున్నాను.