మా ఇంట్లో అమ్మడానికి ఉన్న మాటలు

మా ముత్తాత బొంరాస్‌పేట వైపు కొన్ని ఊళ్ళకు మాలీపటేల్. శిస్తు ఆయన చేతిమీదుగా వసూలయ్యేది. తాత పోలీసుపటేల్. ఆయన ఎదురైతే జనం సైకిలు దిగి నిలబడేవాళ్ళు. నాన్నకు ఏ పదవీ లేదు. అయినా తాండూరు గంజ్ బజారులో కనిపిస్తే కుర్చీ తెప్పించి వేసేవాళ్ళు. నేను వికారాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెబుతాను. ఇస్త్రీ లేని చొక్కాతో ఏనాడూ బోర్డు ముందు నిలబడలేదు.

ఈ మధ్య ఒకరోజు బోర్డు మీద ‘సెల్’, అంటే అమ్మడం, అని రాసి, అదే అర్థం వచ్చే మాటలు పిల్లలను చెప్పమన్నాను. ట్రేడ్ అన్నారు, ఆక్షన్ అన్నారు. ఎక్కడ ఏది వాడాలో చెప్పాను. ట్రేడ్ అంటే అదే పనిగా చేసే వ్యాపారం. ఆక్షన్ అంటే నలుగురిలో వేలం పాట పెట్టడం. డిస్పోజ్ ఆఫ్ అంటే వదిలించుకోవడం. పార్ట్ విత్ అంటే మనసొప్పకపోయినా విడిచిపెట్టడం.

తాండూరు నుంచి రైల్లో వచ్చే ఒక అమ్మాయి లేచింది. “సార్, పార్ట్ విత్ అంటే పైసలు రావా?”

“వస్తాయి.”

“మరి గది సెల్లే గద సార్! ఏడ్సుకుంట అమ్ముడు.”

క్లాసంతా నవ్వింది. ఆ మాటతో ఒక వాక్యం రాయమని చెప్పి బోర్డు తుడిచాను.

మా ఇంట్లో భూమి ఎన్నడూ అమ్మలేదు. కంది పండే నల్లరేగడి ‘ఇచ్చేశాం’. చెరువు కింది మడి ‘పోయింది’. తాండూరులోని ఇల్లు ‘తీసేశాం’. ధర కూడా మేము చెప్పేవాళ్ళం కాదు. కొనేవాడే ఒక మాట అనేవాడు. నాన్న కండువా సర్దుకొని “సరే, తీస్కపో” అనేవాడు. బేరం బజారులో వాళ్ళ పని అని ఆయన లెక్క. దాన్ని మేమంతా మర్యాద అనుకున్నాం. మా పక్క చేను వాళ్ళు అదే నేలను ఎంతకు అమ్ముకున్నారో తర్వాత తెలిసినా, ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

నాన్న తర్వాత చివరికి కరణ్‌కోట తోవలో ఒక చెలక, మెట్ట చేను, మిగిలింది. పైన కంది, ఒక పక్క బావి, కింద నాపరాయి బండ. నాకూ చెల్లెలికీ సమానం. భర్త పోయాక చెల్లెలు వికారాబాద్‌లోనే బట్టలు కుట్టి బతుకుతోంది. ఉంటున్న ఇల్లు ఖాళీ చేయమన్నారు. చెలకకు సరైన ధర వస్తే తన పాలుతో చిన్న ఇల్లు కొనుక్కుంటుంది. రాకపోతే మళ్ళీ అద్దెకే పోవాలి.

తాండూరు పోయే బస్సులో తను ఒక్క మాటే అంది. “నాయిన లెక్క కుర్చీల కూసోని సరే అనకు అన్నా. ధర నువ్వే చెప్పు. నోటితోని చెప్పు.”

కొనే సేటుకు బండలు నునుపు చేసే కార్ఖానా ఉంది. పక్క షెడ్డులో యంత్రం తిరుగుతోంది, నీళ్ళు తెల్లగా పారుతున్నాయి. నాకు కుర్చీ వేయించాడు. చెల్లెలికి స్టూలు. చాయ్ వచ్చింది.

“మీ ఇంటోళ్ళతోని బేరమంటే నాకు ఫికరే లేదు పటేలా,” అన్నాడు సేటు. “మీ నాయిన ఎన్నడు నోరు తెరిచి ఇంత అన్నడా? నేనన్నదే మాట. గిప్పుడు గూడ నేనే చెప్త, మీరు జర తలూపుండ్రి.”

చెప్పాడు. చాలా తక్కువ. చెల్లెలు నా వైపు చూడలేదు. కప్పు చుట్టూ రెండు చేతులూ బిగించి కూర్చుంది.

“అమ్ముతున్నాను,” అన్నాను. క్లాసులో స్పెల్లింగ్ చెప్పే గొంతే వచ్చింది. తర్వాత మా ధర చెప్పాను. అంతకు తగ్గితే లేచిపోతామన్నాను. సిగ్గేస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు.

సేటు నవ్వాడు. “అరె, పటేల్ గూడ నేర్చిండు!” కాసేపు గుంజులాడి, మా మాటకు దగ్గరగా వచ్చాడు. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. “గా తూర్పు మూలకు మీ తాత సమాధి ఉంది గద. అది ఉంచుకుంటరా? ఉంచుకుంటే దారి ఇడవాలె, బండ తియ్యరాదు. గా రేటైతే రాదు.”

“నీ ఇష్టం అన్నా,” అంది చెల్లెలు.

“సమాధితో కలిపే,” అన్నాను.

చెల్లెలు ఇల్లు కొనుక్కుంది. రెండు గదులు, నీళ్ళకు నల్లా ఉంది. నేను కరణ్‌కోట తోవలోని చెలకను, దాని బావిని, తాత సమాధి ఉన్న తూర్పు మూలను అమ్మాను.